ముప్పై ఎలుకల చవక డెక్

తన బీదతనాన్ని మనిషి సక్రమంగా, మూడు ప్రతుల్లో నిరూపించుకోగలిగిన రోజే నాగరికత పరిపూర్ణమైనట్టు. ఆ విషయంలో జపాన్‌లోని కగావా ప్రాంతపు హిరాసే అంగళ్ల వీధిని మించినది భూమ్మీద లేదు.

ఆ వీధి వర్తక సంఘం ఫోనులో ఆడే కార్డుల ఆటకు ఏటా చవక డెక్ పోటీ పెడుతుంది. డెక్ అంటే ఆటగాడు ఏరుకున్న ముప్పై కార్డుల కట్ట. బంగారు అంచు కార్డు ఒక్కటీ ఉండకూడదు. ఊరికే వచ్చే బూడిదరంగు కార్డులతోనే నెగ్గాలి. (ఫోనులోని డెక్‌ను కాగితం మీద రాసి, సంతకానికి బదులు పేరు ముద్ర వేసి, ఫ్యాక్స్ చెయ్యాలి. అందిందో లేదో వెళ్లి కనుక్కోవాలి. సంఘం ఆఫీసు పక్క గుమ్మమే.)

ఉడోన్ నూడుల్స్ అంగడి షిగెమత్సు ముప్పై బూడిదరంగు ఎలుక కార్డులతో డెక్ కట్టాడు. కారణం ఎదురుగానే ఉంది. ఎదుటి క్షౌరశాల కురిహారా తన దుకాణం ముందు అద్దం మీద "షిగెమత్సును పదకొండుసార్లు ఓడించిన దుకాణం" అని రాయించాడు. వచ్చినవాళ్లంతా ఉడోన్ జుర్రుకుంటూ అదే చదువుతున్నారు. ఆ రాత చెరగాలి. ఈ జన్మకు షిగెమత్సు కోరిక అదొక్కటే.

"ఎలుకలటగా! గుండు గొరిగి పంపిస్తానోయ్ షిగే!" అన్నాడు కురిహారా.

"ముందు నీ నెత్తిన నాలుగు మొలిపించుకోరా."

సంఘంలో బీదతనపు పరిశీలకురాలు ఉసామి కళ్లద్దాలు సవరించుకుంది.

"షిగెమత్సు గారూ, మీ దగ్గర బంగారు డ్రాగన్ ఉందట."

"డెక్‌లో లేదండీ! వందరోజులు చవగ్గా ఆడానని ఆట కంపెనీవాళ్లే ఊరికే ఇచ్చారు."

"మీ ఖాతాలో ఉందిగా. గుప్త ధనికుల కింద రాశాం."

షిగెమత్సు ఆటలోనే డ్రాగన్ కార్డును పొడి చేశాడు. ఆ పొడితో కొత్త కార్డులు చేసుకోవచ్చు గనక, ఆయన్ని పొడి ధనికుల కిందికి మార్చారు. పొడంతా పోసి మరో నలభై ఎలుకల్ని చేశాడు. అది పశుసంపద కిందికి వస్తుందేమోనని ఉసామి రెండు రోజులు ఆలోచించి, దయతలచి వదిలేసింది.

"కానీ మీ ముద్ర నిటారుగా ఉందండీ. పక్కనున్న అధ్యక్షుల ముద్రకేసి దణ్ణం పెడుతున్నట్టు వంగి ఉండాలని తెలియదూ?"

"తెలుసండీ. చెయ్యి వణికింది."

"అందరికీ వణుకుతుందండీ. వంగే వైపు వణకాలి."

షిగెమత్సు మళ్లీ ముద్ర వేశాడు. ఈసారి అది ఇంచుమించు సాష్టాంగపడింది. బీదతనం మంజూరైంది.

ఆఖరి ఆటలో ముప్పై ఎలుకలూ కలిసి కురిహారా డెక్‌ను కొరికి పారేశాయి. వీధంతా చప్పట్లు. కురిహారా తనంతట తానే అద్దం తుడిచే గుడ్డ తడుపుకున్నాడు.

అప్పుడు అధ్యక్షుడు లేచి పదిహేడో నిబంధన చదివాడు: "నెగ్గే సత్తా ఉన్న డెక్‌ను చవకదిగా పరిగణించరాదు." కప్పు రెండోవాడైన కురిహారాకు వెళ్లింది. (ఇప్పుడు ఆయన నెగ్గినట్టే కదా అని ఎవరో అడిగారు. ఆయన నెగ్గలేదనీ, ఆయనకు ఇచ్చామనీ సంఘం వివరించింది.)

అద్దం మీద పదకొండు పన్నెండైంది. షిగెమత్సు ఫిర్యాదును కొట్టేస్తూ వచ్చిన కాగితం అడుగున ఒక మెచ్చుకోలు మాత్రం ఉంది: ఈ ఏడాది వచ్చిన ముద్రలన్నిటిలోకీ చక్కగా వంగినది మీదే.