పిక్కల పునాది

ఆ పొద్దున నక్షాలాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. గుడ్లు తినాలి, మెట్లు దిగాలి, ఆఫీసుకు పోవాలి. ఇంజనీరుగారి దగ్గర ఇళ్లకు నక్షాలు గీయడం ఆయన ఉద్యోగం. కండలు పెంచడం వ్యసనం. కిందటి కండల పోటీలో ఆయన ఛాతీ, భుజాలు చూసి తలాడించిన జడ్జి, కళ్లు కిందికి దించగానే, "పైన మూడంతస్తులు లేపావు గానీ, పునాది వెయ్యడం మర్చిపోయావు నాయనా" అన్నాడు. హాలంతా గొల్లుమంది. పునాదులు గీసి పొట్టపోసుకునే మనిషిని పట్టుకుని అనాల్సిన మాటేనా అది? అప్పటినుంచీ కడుపు మండిపోతూనే ఉంది. వచ్చే పోటీకి ఈ కొంగకాళ్లకు కండ పట్టించి, ఆ జడ్జి చేతుల మీదుగానే కప్పు పుచ్చుకోవాలని పంతం పట్టాడు.

రెండు పోటీల నడుమ కాలం తిని బరువెక్కే కాలం; ఒళ్లు చెక్కుకోవడం పోటీ దగ్గరపడ్డాక. అందుకే గుడ్లూ, చప్పిడి కోడిమాంసమూ పూటపూటా తూచుకుని తిని గాదెలా నిండాడు. ముందురోజు జిమ్ మాస్టారు పిక్కల మీద ఉన్న పగంతా తీర్చుకున్నాడు. తెల్లారేసరికి కాళ్లు కొయ్యబారాయి. ఉండేది మూడో అంతస్తు. లిఫ్టు పాడై ఎంతో కాలమైంది. పిక్కలు పట్టేసినవాడికి మెట్లు ఎక్కడం కష్టమైతే దిగడం నరకం. చేసేదిలేక రెండు చేతులా కమ్మీ పట్టుకుని, వెనక్కి తిరిగి, ఒక్కో మెట్టే దిగసాగాడు.

రెండో అంతస్తులో రిటైరైన నర్సమ్మ తలుపు తీసింది.

"ఏం నాయనా, కాళ్లు పడిపోయాయా?"

"లేదండీ. నిన్న కాళ్లకి కసరత్తు చేశాను."

"మొదట్లో అందరూ ఏదో ఒక సాకు చెబుతారులే" అంటూ వంగి పిక్క మీద బొటనవేలితో నొక్కింది. ఆయన పెట్టిన కేకకు ప్రతి అంతస్తులోనూ తలుపులు తెరుచుకున్నాయి.

భార్య పరుగున దిగి వచ్చింది. "నేననుకుంటూనే ఉన్నా పిన్నిగారూ. మొన్న అద్దం ముందు నిలబడి, ఊపిరి బిగబట్టి, ఒళ్లంతా వణికిపోతున్నారు. పిలిస్తే పలకరు."

"అది పోజు" అన్నాడు నక్షాలాయన.

"పాపం, ఏం మాట్లాడుతున్నాడో కూడా తెలియట్లేదు" అంది నర్సమ్మ.

తీసుకెళ్లి చూపిస్తే డాక్టరుకు జబ్బేమిటో తెలియలేదు. తెలియదని చెప్పడానికి నోరు రాలేదు. బరువులు ముట్టుకోకూడదు, మెట్లమీద కాలు పెట్టకూడదు, పలచటి సూపు తాగాలి, మళ్లీ తను చూసేదాకా అంతే అన్నాడు. ఇంజనీరుగారు కబురు విని కళ్లు తుడుచుకుని, ఆఫీసులో ఆయన బల్లను వాకిలి పక్కకు మార్పించాడు. రెండు రోజుల్లో నొప్పి తగ్గిపోయింది. నిక్షేపంగా ఉన్నానని నెత్తీ నోరూ కొట్టుకున్నా భార్య వినలేదు. తగ్గినట్టు అనిపించడమే ఈ జబ్బు లక్షణమని నర్సమ్మ చెప్పిందట.

మరి మెట్లెలా? ఇంట్లో బావమరిది ఉన్నాడు. ఉద్యోగం వెతుక్కుంటానని అక్క ఇంటికి వచ్చి, హాల్లో పరుపు మీదనుంచే వెతుకుతున్నాడు. అందుకే వాడి పేరు పరుపు. పనికి పిలిస్తే పలకడు, తిండికి పిలవక్కర్లేదు.

"ఎక్కు బావా" అని వీపు వంచాడు పరుపు. పొద్దున మూడంతస్తులు కిందికి, సాయంత్రం మూడంతస్తులు పైకి. మొదట్లో మెట్టు మెట్టుకీ ఆయాసపడేవాడు. వాడు మోసే తీరు చూస్తే నక్షాలాయన ఒళ్లు మండిపోయేది.

"మునివేళ్ల మీద లేవరా. మడమ లేపు. ఆగు, అలా బరబరా దిగకు, నెమ్మదిగా దించు. కసరత్తు కూడా నేనే నేర్పాలా నీకు?"

సాయంత్రం చూస్తే ఆయన గుడ్లు పరుపు పళ్లెంలో ఉన్నాయి.

"అవి నావి."

"మిమ్మల్ని మోసేవాడికి బలం వద్దా? పైగా పాడైపోతాయి" అంది భార్య, సూపు గిన్నె ముందుకు తోస్తూ.

"బావా, పచ్చసొన తినొచ్చా?" అడిగాడు పరుపు.

"రెండు తిను. మిగతావి తెల్లసొనే" అనేసి నాలుక కరుచుకున్నాడు. తప్పుగా తింటుంటే చూస్తూ ఊరుకోలేని పాడు అలవాటు మరి.

పోటీకి పేర్లిచ్చే గడువు దగ్గరపడ్డాక జిమ్ మాస్టారు పలకరించడానికి వచ్చాడు. పరుపు నిక్కరు మీదే మంచినీళ్లు తెచ్చాడు. మాస్టారు గ్లాసు అందుకోలేదు. కుర్చీ దిగి, పరుపు కాళ్ల దగ్గర చతికిలపడి, పిక్కలు తడిమి చూశాడు.

"ఎవర్రా తయారుచేసింది?"

"మా బావే సార్."

మంచం మీదనుంచి నక్షాలాయన ఎగిరి దూకాడు. "నా గుడ్లు, నా బరువు, నా సలహా. పిక్కలు మాత్రం వాడివా?" అంటూ పరుపును మూడంతస్తులూ కిందికి తరిమి, మళ్లీ మూడంతస్తులూ పైకి తరిమాడు.

"సూపు మహిమ" అంది నర్సమ్మ, తలుపు దగ్గర నిలబడి.

పోటీనాటికి సూపు మహిమ పూర్తిగా బయటపడింది. పునాది లేని మూడంతస్తులూ కరిగిపోయి, నక్షాలాయన తువ్వాలు పట్టుకుని ప్రేక్షకుల్లో కూర్చున్నాడు. అదే జడ్జి మైకు అందుకుని, "పునాదంటే ఇదీ" అని కొత్తవాళ్ల విభాగంలో కప్పు పరుపు చేతికిచ్చాడు. రెండు మాటలు చెప్పమంటే పరుపు గొంతు సవరించుకుని, "అంతా మా బావ బరువేనండీ" అన్నాడు. హాలంతా మళ్లీ గొల్లుమంది.

మర్నాడు పొద్దున నక్షాలాయన పథకం ఇంకా చిన్నది. "ఎక్కరా" అని వీపు వంచాడు. పరుపు గుడ్డు నములుతూ ఎక్కాడు. మడమలు లేపుతూ, మునివేళ్ల మీద, పళ్లు బిగించి దిగుతుంటే రెండో అంతస్తులో తలుపు తెరుచుకుంది.

నర్సమ్మ కింద ఉన్నవాణ్ని చూసింది, పైన ఉన్నవాణ్ని చూసింది. ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకుంది.

"అయితే ఇది అంటుకునేదేనన్నమాట" అని తలుపు వేసుకుంది.