నైటీల కొట్టుకు నలుగురు ఓనర్లు

ఎల్బీనగర్ సభలో, ఇక కూలి అనే మాటే వినపడకుండా చేస్తామని మంత్రిగారు ప్రకటించారు. "అందరినీ ఓనర్లను చేస్తం!" అన్నారు. చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. దిల్‌సుఖ్‌నగర్‌లో నాది జిరాక్స్ షాపు. ఇలాంటి ప్రకటన వచ్చినప్పుడల్లా నాకు గిరాకీ బాగుంటుంది.

మంత్రిగారి మాటను అమలుచేసిన మొదటి దేశభక్తుడు మా పక్క నైటీల కొట్టు వెంకటేశ్వరరావు గారు. అమ్మకాలు ఒక హద్దు దాటితే జీఎస్టీ కట్టాలి. అందుకని ఆయన కొట్టును నాలుగు కొట్లు చేసి, లోపల మిషన్ల మీద కుట్టే నలుగురి పేర్ల మీదా పెట్టేశారు. మధ్యలో గోడలేమీ లేవలేదు. బయట నాలుగు బోర్డులు లేచాయి. గల్లాపెట్టె మాత్రం ఒక్కటే, తాళంచెవి ఆయన దగ్గరే.

"తిరుపతమ్మా, ఇవాళ్టి నుంచి నువ్వు ఓనరువి. ఇక్కడ సంతకం పెట్టు."

"పెడత సారూ. మరి నా కూలి?"

"ఎప్పట్లాగే ఇస్తానులే. బయట అనకు, నవ్వుతారు."

తిరుపతమ్మది సరూర్‌నగర్. ఇద్దరు ఆడపిల్లల్ని ఒక్కతే సాకుతోంది. ఆ ఇంట్లో ఉడికేది రేషను సన్నబియ్యమే. మరుసటి నెల ఆమె సంచి పట్టుకుని వెళితే డీలరు చేతులెత్తేశాడు.

"నీ కార్డు తీసేసిన్రక్కా. నువ్వు దుకాణం ఓనరువంట గద!"

ఆ బాధలో ఉండగానే అదృష్టం తలుపు తట్టింది. ఉత్తమ మహిళా పారిశ్రామికవేత్తగా ఆమెకు సన్మానమట. ఫంక్షన్ హాల్లో వేదిక మీద వెంకటేశ్వరరావు గారు శాలువా పట్టుకుని, ఎంతో వినయంగా ఆమె వెనక నిలబడ్డారు.

"ఎంతమందికి ఉపాధి ఇస్తున్నవమ్మా?" అని మంత్రిగారు మైకు అందించారు.

"ఒక్కరికే సారూ. గీ రావు సారుకు. మేం కుడితేనే ఆయన ఇల్లు నడుస్తది."

హాలంతా చప్పట్లు. మంత్రిగారు పక్కనున్న అధికారి వైపు తిరిగారు. "ఈయన పేరు మీద ఏముంది?"

అధికారి ట్యాబ్ చూశాడు. "ఏమీ లేదు సర్. దుకాణం లేదు, ఆదాయం లేదు. పూర్తిగా అసంఘటిత కార్మికుడు."

"ఇంకా ఒక కూలి మిగిలిండా!" మంత్రిగారు మైకు వెనక్కి లాక్కున్నారు. "జర రేషన్ కార్డు ఇయ్యుండ్రి, గిప్పుడే!"

"సారూ, మరి నా కార్డు? పిల్లలకు బియ్యం లేవు."

"పారిశ్రామికవేత్తవు తల్లీ! నీకు రేషనేంది?" అని ఆయన శాలువా కప్పారు. నేనూ గట్టిగా చప్పట్లు కొట్టాను, సిగ్గులేకుండా.

రావుగారికి బియ్యం కూడా అక్కడే ఇచ్చారు. సంచి కారు డిక్కీలోకి ఎత్తబోతే ఆయనకు నడుం పట్టింది.

"తిరుపతమ్మా, ఓ చెయ్యి వెయ్యవమ్మా."

తిరుపతమ్మ శాలువాను నడుముకు చుట్టుకుని, సంచి ఎత్తి డిక్కీలో పెట్టింది.