మదీనా పరిస్థితి నిలకడగా లేదు

ఆ మంగళవారం పొద్దున మస్తాన్ వలీ చేయదలచుకున్న పనులు ఇవి. జెడ్డా విమానాశ్రయానికి బస్సు తోలాలి. యాత్రికులను ఎక్కించుకుని సాయంత్రానికి మదీనా చేర్చాలి. ఆ తర్వాత బజారుకు వెళ్ళి అనమ్‌కు గౌను కొనాలి. అనమ్ అతని కూతురు. అతను రాయచోటి నుంచి బయలుదేరినప్పుడు ఆ పిల్ల ఇంకా పుట్టలేదు. ఇప్పుడు రెండేళ్ళు దాటాయి. ఫోనులో తప్ప చూడలేదు. వచ్చే సోమవారం నుంచి సెలవు. కంపెనీలో మారు డ్రైవరు ఒక్కడే కాబట్టి ఒకసారికి ఒక్కరికే సెలవు ఇస్తారు. ఈసారి వంతు తప్పితే హజ్ రద్దీ అయిపోయి, వరుసలో వెనకున్న వాళ్ళందరూ వెళ్ళొచ్చాకే మళ్ళీ అతని పేరు వస్తుంది.

బయలుదేరే ముందు రోజూ చేసే పని ఒకటి ఉంది. ఆఫీసు ఇంగ్లీషులో పంపే వాతావరణ సూచనను తెలుగు డ్రైవర్ల కోసం వాట్సాప్‌లో పెట్టడం. ఎవరూ అడగలేదు. ఇంటర్ దాకా చదివినందుకు తనే నెత్తిన వేసుకున్నాడు. ఎండలు ముదరాల్సిన రోజుల్లో ఈ వారం చల్లగాలి, మబ్బులు, ఉరుములతో జల్లులు ఉంటాయని, వాతావరణం 'అన్‌సెటిల్డ్' అని ఆ పూట సూచన. ఆ మాటకు తెలుగేమిటని టీ తాగినంతసేపూ ఆలోచించాడు. ఎప్పుడో పేపర్లో చదివిన మాట గుర్తొచ్చింది. ఇలా రాశాడు:

"మదీనా పరిస్థితి నిలకడగా లేదు. రేపటికి చల్లబడుతుంది. శుక్రవారం దాటితే గానీ ఏమీ చెప్పలేం. దూరం నుంచి వచ్చేవాళ్ళు ముందే బయలుదేరాలి."

చదువుకుంటే బాగుందనిపించింది. "మా బస్సులు" అనే గ్రూపులో పెట్టబోయి, దాని కిందే ఉన్న "మా ఇల్లు" గ్రూపులో పెట్టాడు. ఫోను ఆపి, సంచిలో వేసి, బస్సు తీశాడు. తోలేటప్పుడు ఫోను ముట్టకూడదని కంపెనీ రూలు. మస్తాన్ వలీ రూలు తప్పే మనిషి కాడు.

అతని అత్తగారి పేరు మదీనాబీ.

సౌదీలోనే యాన్బు అనే ఊళ్ళో అదే కంపెనీ బస్సు తోలే ఫారూఖ్ ఆ నాలుగు ముక్కలూ రెండుసార్లు చదివాడు. అతను మదీనాబీ కొడుకు, మస్తాన్ వలీ భార్య జైనాబీకి తమ్ముడు. బావ ఏనాడూ అత్తను పేరు పెట్టి అనలేదు. ఇప్పుడు పేరు రాశాడంటే డాక్టరు చీటీ చూసి రాసి ఉండాలి. నిలకడగా లేదు అనేది ఆస్పత్రి వాళ్ళ మాట. చల్లబడుతుంది అన్న చోట మూడోసారి చదవలేకపోయాడు.

తల్లికి ఫోను చేశాడు. తీయలేదు. అక్కకు చేశాడు. స్విచాఫ్. ఆ రోజు రాయచోటి ఇంట్లో ఆవకాయ పెడుతున్నారనీ, తల్లీకూతుళ్ళ చేతులు మోచేతుల దాకా కారంలో ఉన్నాయనీ, జైనాబీ ఫోనులో అనమ్ బొమ్మలు చూసి చార్జింగంతా అవగొట్టిందనీ అతనికి తెలియదు. చివరికి కదిరిలో ఉన్న పెద్దమ్మ ఖాసింబీకి చేశాడు.

"పెద్దమ్మా, అమ్మకు ఎట్లుందంట?"

"ఫారూఖా! ఇబ్బుడే మనవడు సదివి ఇనిపించినాడు నాయనా. బస్సెక్కినా. నేనెత్తుకొని తిప్పిన బిడ్డరా అది..." ఆపైన మాటలు లేవు. ఏడుపే.

పెద్దమ్మ ఏడ్చిందంటే వార్త నిజం. ఆమె మనవడు చదివిందీ తను చదివిందీ ఒకటేనని ఫారూఖ్‌కు తట్టలేదు. మదీనా ఆఫీసుకు ఫోను కలిపాడు.

సాయంత్రం యాత్రికులను హోటల్లో దించి, మస్తాన్ వలీ తాళాలు ఇవ్వడానికి ఆఫీసుకు వెళ్ళాడు. సెలవుల సంగతి చూసే ముజాహిద్ కుర్చీలోంచి లేచి ఎదురొచ్చాడు. హైదరాబాద్ మనిషి. డ్రైవర్లు వస్తే లేచే అలవాటు అతనికి లేదు.

"సబర్ చెయ్ మస్తాన్ భై. అంతా పైవాని చేతుల ఉంటది."

"ఏమైంది సార్?"

"ఇంకా తెల్వదా? మీ అత్తమ్మ సీరియస్ అంట గద. ఫారూఖ్ ఫోన్ల ఒకటే ఏడుపు. మేనేజర్ తోని మాట్లాడి ఎమర్జెన్సీ లీవ్ ఇప్పిచ్చిన. ఎగ్జిట్ రీఎంట్రీ వీసా గూడ అయిపోయింది. ఫ్లైట్ కోసం జెడ్డాకు పోయిండు."

మస్తాన్ వలీ కుర్చీలో కూలబడ్డాడు. తను లేనప్పుడు జైనాబీకి పురుడు పోసిన మనిషి ఆవిడ. అతనికి ఏడుపు ఆగలేదు. ముజాహిద్ నీళ్ళు తెచ్చిచ్చాడు. తన కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

"ఒక్క మాట భై. మారు డ్రైవర్ ఒక్కడే ఉన్నడు. ఫారూఖ్ బదులు ఆయన యాన్బు పోతున్నడు. నీ సోమారం లీవ్ క్యాన్సిల్ చెయ్యాల్సొచ్చింది. ఇంటోల్లే గద, ఏమనుకోవని..."

"పర్లేదు సార్," అన్నాడు మస్తాన్ వలీ కళ్ళు తుడుచుకుంటూ. "వాడికి కన్నతల్లి. వాడే పోనీ."

తర్వాత సంచిలోంచి ఫోను తీసి జైనాబీకి చేశాడు.

"జైనా, అత్తకు ఎట్లుంది?"

"ఎట్లుండేదేంది? రెండు జాడీలు నింపింది. మూడోదానికి నూనె చాల్లేదని నన్ను తిడతాంది."

"ఆస్పత్రికి పోలేదా?"

"పోయినాం, పెద్దమ్మ కోసరం. కదిరి నుంచి ఏడ్చుకుంటా వచ్చి అమ్మను కరుసుకొనింది. అమ్మ చేతుల కారం ఆమె కండ్లల్లో పడింది. ఇంగా ఏడుస్తానే ఉంది. అమ్మ పోతాందని ఎవడో రాసినాడంట. నా ఫోను ఇప్పుడే చార్జింగెక్కింది, నేనింగా సూడలే. వాని చేతులు పడిపోను."

మస్తాన్ వలీ ఫోను చెవికి ఆనించుకునే ముజాహిద్ వైపు తిరిగాడు. "అత్తకు బాగలేదని ఎవరు చెప్పినారు సార్?"

"నువ్వే," అని ముజాహిద్ తన ఫోను తిప్పి చూపించాడు. ఫారూఖ్ పంపించాడు.

మస్తాన్ వలీ తన తెలుగు తాను చదువుకున్నాడు. వాతావరణం అనే మాట అందులో ఎక్కడా లేదు.

"ఇది వాన గురించి సార్."

"వానా?"

"మదీనా అంటే ఈ ఊరు సార్. మనమున్న ఊరు."

ముజాహిద్‌కు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థం కాగానే కంప్యూటర్ ముందుకు పరుగెత్తాడు. "జెడ్డా మీద ఉరుములున్నయ్. ఫ్లైట్ లేట్. ఇంకా ఎక్కలేదు. జల్దీ ఆపు ఫారూఖ్‌ను. వాపస్ వస్తే నీ లీవ్ నీకే. ఎగిరిందా, ఇగ నా చేతుల ఏం లేదు."

సూచన ఒక్క చోట నిజమైంది. అది అతనికి పనికొచ్చే చోటే. "నేను మళ్ళా చేస్తా, పెట్టెయ్," అని మస్తాన్ వలీ అంటుండగానే అవతల గొంతు మారింది. పక్కనుంచి ఇదంతా విన్న మదీనాబీ ఫోను లాక్కుంది.

"అల్లుడా, ఫారూఖు వస్తాండాడా?"

"లేదత్తా. ఇప్పుడే ఆపుతాండా."

"ఆపాకు."

"అత్తా?"

"నాలుగేండ్లాయ వాడు గడప తొక్కి. రారా అంటే ఓవర్‌టైమ్ అంటాడు. నేను బాగుండానంటే వాడు అట్నుంచి అట్లే తిరుక్కుంటాడు. బాగలేనని చెప్పు."

"నా సెలవు పోతాది అత్తా. అనమ్‌ను నేనింతవరకు ఎత్తుకోనేలేదు."

అవతల జాడీ మూత పెట్టిన చప్పుడైంది.

"నీ బిడ్డకు రెండేండ్లు నాయనా. అది ఆగుతాది. నన్ను ఎన్నాళ్ళు ఆగమంటావో నువ్వే చెప్పు." తర్వాత గొంతు పక్కకు తిరిగింది. "జైనా, మంచం వాల్చు. నేను పండుకుంటాండా."

ఫోను పెట్టీ పెట్టగానే మళ్ళీ మోగింది. ఫారూఖ్.

"బావా, విమానం లేటంట. నా వల్ల కావడంలే. అమ్మకు ఎట్లుంది? నిజం చెప్పు."

ముజాహిద్ రెండు చేతులతో సైగ చేశాడు, చెప్పు, చెప్పు అని. మస్తాన్ వలీకి గదిలో సర్దిపెట్టిన సూట్‌కేసు గుర్తొచ్చింది. అందులో గౌను కోసం ఒక మూల ఖాళీగా వదిలాడు.

"నిలకడగా లేదురా ఫారూఖూ," అన్నాడు. "నువ్వు పో."

ముజాహిద్ తల పట్టుకున్నాడు. "నీ అంత పాగల్‌ను సౌదీల సూడలే భై."

శుక్రవారం దాటగానే మదీనాబీ కోలుకుంది. శనివారం మధ్యాహ్నం జైనాబీ వీడియో కాల్ చేసింది. వెనకాల ఖాసింబీ ఇంకా కళ్ళు ఒత్తుకుంటోంది. ఫారూఖ్ కొత్తావకాయ కలుపుకుని తింటున్నాడు. మదీనాబీ పక్కన కూర్చుని నెయ్యి వడ్డిస్తోంది. ఫారూఖ్ ఒళ్ళో అనమ్ ఉంది.

"దిగనంటాంది," అంది జైనాబీ. ఆమె గొంతు బాగా తగ్గింది. "నాయన విమానంలో వస్తాడు, పెట్టె తెస్తాడు అని నెల నుంచి చెప్తిమి కదా. వీడు విమానంలో వచ్చె, పెట్టె తెచ్చె. మామ అంటే నమ్మదు." ఫోను కూతురి ముందు పెట్టింది. "అనమ్మా, ఇదో, నాయన ఈయప్ప."

అనమ్ తెర వైపు చూసింది. "అది ఫోను," అని చెప్పి, ఎర్ర గుండీ నొక్కేసింది.

మస్తాన్ వలీ గౌను కొనలేదు. మళ్ళీ సెలవు వచ్చేనాటికి ఏ కొలత పడుతుందో తెలియదు. ఆ వారం మదీనాలో ఒక్క చినుకు కూడా పడలేదు.

మర్నాడు పొద్దున అతను "మదీనా నగరంలో ఎండ కాస్తుంది" అని రాసి, గ్రూపు పేరు రెండుసార్లు చూసుకుని పెట్టాడు.