అంచుదాకా పూడిక

ఏడాదికి పన్నెండు నెలలని పంచాంగాలు రాసేవాళ్ళు నమ్ముతారు. పాపం, వాళ్ళకు సర్కారు ఉద్యోగం లేదు. సర్కారు ఏడాదిలో ఉండేది ఒకటే నెల, దాని పేరు మార్చి. మిగతా పదకొండూ ఆ నెల కోసం ఒళ్ళు విరుచుకోవడానికి ఇచ్చినవి.

కృష్ణగిరి పాతపేటలో, మామిడికాయల మండీ వెనక మేడమీద వెలసిన 'మెట్టసీమ ఆర్థికాభివృద్ధి మండలి' ఈ సత్యాన్ని పుట్టిన ఏడాదే కనిపెట్టింది. హోసూరు, కృష్ణగిరి తాలూకాలను పైకి తేవడం దాని పని. అందుకు ఏటా లక్షా ఇరవై వేల రూపాయలు వచ్చేవి. ఏప్రిల్ నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా ముప్ఫై ఒక్క వేలు ఖర్చయ్యేవి: ఇరవై తొమ్మిది జీతాలకు, రెండు జీపుకు. (జీపు వేప్పనపల్లి దాకా పోయి, అక్కడినుంచి దారి బాగా లేదని తెలుసుకుని, ఆ సంగతి చెప్పడానికి వెనక్కి వచ్చేది.) మిగిలిన ఎనభై తొమ్మిది వేలు మార్చి ముప్ఫై ఒకటి సాయంత్రం అయిదు లోగా ఖర్చు కావాలి. లేకపోతే మురిగిపోతాయి. మురిగిపోతే, ఈ సీమ ఇప్పటికే బాగుపడిందని లెక్కగట్టి, వచ్చే ఏడు అంతకంత కోస్తారు.

కాబట్టి మార్చిలో మండలి చేసినంత అభివృద్ధి ఏ దేశంలోనూ ఎవరూ చేసి ఉండరు. 1953 మార్చిలో నూట నలభై గొడుగులు కొన్నారు. 1954 మార్చిలో ఆ గొడుగులు దాచడానికి పదకొండు బీరువాలు కొన్నారు. బీరువాలు మెట్లెక్కలేదు గనక కింద వానలో ఉండిపోయాయి, గొడుగులు పైన భద్రంగా ఉన్నాయి.

ఈ ఖర్చులన్నీ తన గుండ్రని చేతిరాతతో ఎక్కించే లెక్కల గుమాస్తా కేశవప్ప. నెమ్మదస్తుడు, నిబంధనల పుస్తకం తెరవకుండా తుమ్మడానికి కూడా జంకేవాడు. వేప్పనపల్లి అవతల చింతగుట్టపల్లి అతని సొంతూరు. తల్లి చిన్నప్పుడే పోతే అక్క మునివెంకటమ్మ పెంచింది, చింతపండు అమ్మి హైస్కూలు చదివించింది. ఆమె మెట్టినిల్లు కూడా ఆ ఊళ్ళోనే. ఆ ఊళ్ళో బావి లేదు. ఆడవాళ్ళు రెండు మైళ్ళు నడిచి యేటి ఇసకలో చెలమ తోడుకుని, బిందె నింపుకుని, రెండు మైళ్ళు నడిచి వచ్చేవాళ్ళు. మునివెంకటమ్మ నలభై ఎనిమిదో ఏట కుడి మోకాలు మొరాయించడం మొదలుపెట్టింది.

తమ్ముడు రాసిన అర్జీ ఆమె వేలిముద్రతో మండలికి మూడుసార్లు వచ్చింది. అందులో ఒకటే ముక్క: 'మా ఊళ్ళో బావి లేదు.' మూడుసార్లూ వెనక్కి పోయింది. మార్జిన్‌లో ఎర్రసిరాతో, 'లేదనుటకు ఆధారము జతపరచవలెను.'

సంతరోజు చింతపండు అమ్మేసి ఆమె ఆఫీసు మెట్లెక్కేది.

"ఏమప్పా కేశవా, లేని బావిని యాడనుంచి తెచ్చి చూపించేది? నువ్వు ఆఫీసులో ఉండి గూడా ఇట్లనేనా?"

"ఉండక్కా. మార్చి రానీ."

"నా మోకాలు మార్చి దాకా ఆగేట్టు లేదు. నేను పోయేలోగా మా ఊరి నీళ్ళు ఒక చెంబు తాగల్ల. అంతే నేను నిన్ను అడిగేది."

అంతే అడిగింది. కేశవప్పకు ఆ రాత్రి అన్నం సయించలేదు.

1955 మార్చి వచ్చింది. మండలి ప్రత్యేకాధికారి వరదప్ప పద్దులన్నీ బల్లమీద పరిచాడు. మనిషి మంచివాడే. డబ్బు మురిగిపోతుందంటే మాత్రం కన్నబిడ్డకు జ్వరం వచ్చినట్టు అల్లాడేవాడు. బావి తవ్వకం పద్దులో పైసా లేదు, ఆ పద్దును ఆ ఏడు మళ్ళీ కొన్న బీరువాలు మింగేశాయి. 'ప్రారంభోత్సవములు' అనే పద్దులో మాత్రం నాలుగు వందల పన్నెండు రూపాయలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఆ ఏడు ప్రారంభించడానికి ఏమీ కట్టలేదు మరి.

"చింతగుట్టపల్లి బావిని ప్రారంభించేస్తాము," అన్నాడు వరదప్ప.

"ఆడ బావి లేదు సార్."

"తవ్వకం వచ్చే ఏడు చేస్తాము. ముందు తవ్వి తర్వాత ప్రారంభించల్లని ఏ నిబంధనలో ఉండాదప్పా? చూపించు."

కేశవప్ప రెండు రోజులు వెతికాడు. అలాంటి నిబంధన లేదు. అంత చిన్న సంగతి రాయాలని ఎవరికీ తోచినట్టు లేదు.

మార్చి ముప్ఫైన చింతగుట్టపల్లిలో మామిడాకుల తోరణం కట్టారు. నేలమీద సున్నంతో గుండ్రంగా గీత గీశారు. దానికి అడ్డంగా రిబ్బను, పక్కన రాతిపలక, పలకమీద వరదప్ప పేరు. అధికారిగారు బావినీళ్ళు తాగుతున్నట్టు ఫోటో తీయాలని కార్యక్రమంలో అచ్చువేసి ఉంది. నీళ్ళెక్కడివి? మునివెంకటమ్మ రెండు మైళ్ళు పోయి ఒక బిందె తెచ్చింది. వరదప్ప రిబ్బను కత్తిరించి, చెంబెడు తాగి, మూతి తుడుచుకుని, "తియ్యగా ఉండాయి! ఈ మాదిరి నీళ్ళు హోసూరులో గూడా లేవు," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మిగిలిన నీళ్ళు జీపుకు పోశారు.

ఏప్రిల్‌లో కేశవప్ప ఉత్సాహంగా తవ్వకానికి మంజూరు అడిగాడు. పై ఆఫీసునుంచి ఒక్క వారంలో జవాబు వచ్చింది. (ఇంత త్వరగా వచ్చిందంటే కాదని వచ్చిందని పాఠకులు ఈపాటికే గ్రహించి ఉంటారు.) 'సదరు బావి ప్రారంభమై వాడుకలో ఉన్నది. వాడుకలో ఉన్న బావిని మరల తవ్వుట ప్రజాధన దుర్వినియోగము.'

అక్క ఆఫీసు మెట్లు ఎక్కడం మానేసింది. తిట్టినా బాగుండేదని కేశవప్ప అనుకున్నాడు. సంతలో ఆమె కుంటుతూ పోతుంటే చూసి, మొహం చాటేసి, మండీ గోడ వెనక నిలబడి ఏడ్చాడు. తర్వాత మొహం కడుక్కుని నిబంధనల పుస్తకం మొదటి పుట నుంచి తెరిచాడు. మూడు నెలలు చదివాడు. మూడు వందల పన్నెండో పుటలో దొరికింది: 'ప్రారంభమైన బావులలో చేరిన పూడికను ఏటా మార్చి నెలలో, మూడు అడుగులకు మించకుండా, తీయించవచ్చును.'

కేశవప్ప కొత్త కాగితం తీసుకుని రాశాడు: 'చింతగుట్టపల్లి బావి అంచుదాకా పూడుకుని ఉన్నది.'

అతని సర్వీసులో ఇంత నిక్కమైన వాక్యం అతను రాయలేదు. మంజూరు వచ్చేసింది.

1956 మార్చిలో ఒడ్డె ఆదెప్ప గడ్డపలుగు, తట్ట, ఇద్దరు కొడుకులతో వచ్చి సున్నపు గీత లోపల మూడడుగుల 'పూడిక' తీశాడు. చేతులు దులుపుకుని, "ఇంగా తీద్దునా?" అన్నాడు.

"వద్దప్పా. మిగతా పూడిక వచ్చే ఏడు."

"ఇది పూడిక కాదప్పా, భూమి. భూమి పుట్టినప్పటినుంచి ఈడే ఉండాది."

"అదే నేను రాసింది. చానా పాత పూడిక."

ఊరివాళ్ళకు అంత ఓపిక లేకపోయింది. రెండో ఏడు కుర్రాళ్ళు కలిసి సొంతంగా ఇంకో రెండడుగులు తవ్వారు. కొలతలకు వచ్చిన ఓవర్సీరు రిజిస్టరులో ఆరు, గుంతలో ఎనిమిది ఉండటం చూసి నివ్వెరపోయాడు. సర్కారు బావిలో అనుమతి లేని లోతు! నిబంధన ప్రకారం రెండడుగులు పూడ్పించి, పూడ్చిన కూలి ఊరిమీద వేసి, వాళ్ళచేత సంతకాలు పెట్టించుకుని పోయాడు. ఆ తర్వాత ఎవరూ పలుగు ముట్టలేదు. ముట్టినా లాభం లేదు, తొమ్మిదడుగుల కింద రాయి తగిలింది. దానికి మందు పెట్టి పేల్చాలి, మందుకు లైసెన్సు సర్కారుకే ఉంది.

అలా ఏటా మార్చిలో మూడడుగులు. ఏడో ఏట మద్రాసునుంచి ఆడిటరు వచ్చాడు. ఇరవై ఒక్క అడుగుల ఎండు గుంత అంచున నిలబడి చాలాసేపు ఆలోచించాడు. కేశవప్ప మూడు వందల పన్నెండో పుట తెరిచి పట్టుకున్నాడు. ఆడిటరు కళ్ళద్దాలు తుడుచుకుని, రాష్ట్రంలో ప్రతి బావిలో ఏటికేడు పూడిక పెరుగుతుంటే ఈ ఒక్క బావిలోనే తగ్గుతోందని, ఇది మండలి పనితనానికి తార్కాణమని రాసి పోయాడు. ఆ ఏటి వార్షిక నివేదికలో ఆ బావికి ఒక పుట కేటాయించారు. అందులో 1955 నాటి ఫోటో వేశారు, చెంబుతో వరదప్ప.

(తీసిన పూడికను ఎరువుగా వేలం వేసి పన్నెండు రూపాయలు జమకట్టలేదేమని ఒక చిన్న అభ్యంతరం మాత్రం ఉండిపోయింది. కేశవప్ప తన జేబులోంచి కట్టాడు. రాళ్ళను ఎరువుగా ఎవరు కొంటారని అతను అడగలేదు.)

1966 మార్చి ఇరవై ఎనిమిది. ముప్ఫై మూడో అడుగు. మందు పేలిన పొగ తగ్గాక దిగిన ఆదెప్ప కిందినుంచి అరిచాడు.

"అప్పా! పూడికలోనుంచి నీళ్ళు వస్తా ఉండాయి!"

ఊరంతా పరిగెత్తింది. మోకాలు సంగతి మరిచి మునివెంకటమ్మ కూడా పరిగెత్తింది. ఆమెకు అప్పుడు అరవై. ఆదెప్ప తట్టకు కట్టి పైకి పంపిన చెంబులో నీళ్ళు ఎర్రగా, మన్నుగా ఉన్నాయి. తేరేదాకా ఆగమంటే ఆమె వినలేదు.

"పదకొండేండ్లు ఆగినాను గదరా," అని గటగటా తాగేసింది. తాగి, తమ్ముడి తల రెండు చేతుల్తో పట్టుకుంది. "నా చింతపండు లెక్క తీరిపోయింది పోరా కేశవా."

ఇద్దరూ ఏడ్చారు. కేశవప్ప జీవితంలో ఆ ఒక్క సాయంత్రమే నిబంధనల పుస్తకం పక్కన లేకుండా నవ్వాడు.

మరునాడు ఆఫీసుకు పోయేసరికి బల్లమీద ఒక ఉత్తర్వు ఉంది. 'ప్రారంభమై పదేండ్లు దాటిన బావులను పాత బావులుగా పరిగణించి, పిల్లలు పడిపోకుండా వెంటనే పూడ్చివేయవలెను.' ఆ పద్దులో పందొమ్మిది వందల నలభై రూపాయలు ఉన్నాయి. రెండు రోజుల్లో మురిగిపోతాయి.

కేశవప్ప రెండేసి మెట్లు దూకుతూ వరదప్ప గదికి పోయాడు. వరదప్ప అప్పటికి డైరెక్టరు, కుర్చీ మాత్రం అదే.

"సార్, నిన్ననే దాంట్లో నీళ్ళు పడినాయి సార్!"

"నిన్నా?" వరదప్ప నవ్వాడు. గోడమీది ఫోటో చూపించాడు. "ఏమప్పా, నేను యాభై అయిదులోనే తాగినాను గదా. బలే తియ్యని నీళ్ళు. పాపం, పాతబడిపోయింది."

"సార్, మా అక్క..."

"అయిదు గంటల్లోపల లారీలకు ఆర్డరు పోవల్లప్పా. డబ్బు మురిగిపోతే ఈ సీమ బతుకేం గావల్ల?"

మండలి చరిత్రలో ఒక రోజు మిగిలి ఉండగా పూర్తయిన పని అదొక్కటే. ముప్ఫై తారీకు మధ్యాహ్నానికి ఆరు లారీల మట్టి, ఏటా ఒడ్డున పేర్చిన రాయి, అంతా లోపలికి పోయింది. ముప్ఫై మూడడుగులూ ఒకేసారి. ఆదెప్ప ఒక పక్కగా కూర్చుని చూశాడు.

పూడ్చిన మట్టి గట్టిపడటానికి నలభై బిందెల నీళ్ళు పోసి దిమ్మిస కొట్టించాలని నిబంధన. యేటి చెలమనుంచి ఆడవాళ్ళు తెచ్చి పోశారు, బిందెకు పది పైసలు. కడపటి బిందె మునివెంకటమ్మ తెచ్చింది. కుంటుతూ వచ్చి, తమ్ముడి మొహం చూడకుండా, సున్నపు గీత ఉండిన చోట ఒంపేసి పోయింది.

నీళ్ళకు నాలుగు రూపాయల బిల్లు కేశవప్పే రాశాడు. అంతదూరం నుంచి మోయించడానికి కారణం అడిగే గడి ఒకటి ఉంది బిల్లులో. అందులో గుండ్రంగా రాశాడు: 'ఊళ్ళో బావి లేదు.'

ఈసారి ఆధారం ఎవరూ అడగలేదు. బిల్లు ఆ సాయంత్రమే పాసైంది.