సీరియల్ వాళ్లు తీసుకెళ్లిన గోడ

జూన్ పద్నాలుగు, ఆదివారం మధ్యాహ్నం భుజంగరావు గారు సొరకాయ పులుసుతో అన్నం తిని చెయ్యి కడుక్కుని వచ్చేసరికి, సీరియల్ వాళ్లు ఒప్పందం ప్రకారం ఆయన ముందుగది గోడను ఊడదీసి లారీ ఎక్కిస్తున్నారు. కెమెరా పెట్టుకోవడానికి చోటు కావాలి గనుక వీధివైపు గోడ తీసుకెళ్తామని ముందే చెప్పారు. నలుగురు మనుషులు బీరువాను మోసినట్టు జాగ్రత్తగానే మోశారు. కప్పు ఎలా నిలుస్తుందని ఎవరూ అడగలేదు. అది ఇన్నేళ్ల అలవాటు మీద నిలబడింది.

తలుపును మాత్రం గుమ్మంతో సహా వదిలేశారు. కథకు తలుపు కావాలి. ‘తాళం అత్తయ్య దగ్గరుంది’ అనే సినిమా ఆ మధ్య జనాన్ని కడుపు పట్టుకుని నవ్వేలా చేసింది. దాన్నే ఒక చానల్ రోజువారీ హాస్య సీరియల్‌గా మార్చి, ఈ ఇంట్లో తీయడం మొదలుపెట్టింది. సినిమాలో అత్తయ్య తాళం ఒక్కసారి పారేసుకుంటుంది. సీరియల్‌లో రోజూ పారేసుకోవాలి. మూడో వారానికల్లా, ఆ తాళానికి తాడు కట్టి ఆవిడ మెళ్లో వెయ్యమని చానల్‌కు ఫోన్లు మొదలయ్యాయి. ఒకరోజు అత్తయ్య తాళం కోసం పరుపు ఎత్తుతుండగా సీరియల్ ఆగిపోయింది.

భుజంగరావు గారు ప్రొడక్షన్ మేనేజరు చిట్టిబాబుకు ఫోన్ చేశారు.

“గోడ ఎప్పుడు పంపిస్తారు బాబూ?”

“ఆఖరి ఎపిసోడ్ అవ్వగానే పంపుతామని రాసుకున్నాం కదండీ. అది అవ్వలేదు కదండీ మరి.”

“సీరియలే ఆగిపోయింది కదయ్యా.”

“ఆగిందండీ. అయిపోలేదండి.”

అందులో తప్పు పట్టడానికేమీ కనిపించక ఆయన ఫోన్ పెట్టేశారు. ఆయనకున్న చిక్కు ఒక్కటే. ఆయన భార్య వకుళ రోజూ పూలు కట్టుకుంటూ ఆనుకుని కూర్చునేది ఆ గోడకే. ఆవిడ పోయాక ఫొటో అక్కడే తగిలించారు. సీరియల్ వాళ్లు ఫొటో తీసి చేతికిచ్చారు గానీ, మేకు గోడతోపాటే వెళ్లింది. ఇంకో చోట తగిలించడానికి మనసొప్పక ఆయన ఫొటోను కుర్చీలో కూర్చోబెట్టారు. ఆశ్వయుజంలో ఆ గోడ మరో సీరియల్‌లో ఆసుపత్రిగా కనిపించింది. మేకుకు సెలైన్ సీసా వేలాడుతోంది. ఖాళీగా ఉండటం కన్నా నయమే అనుకున్నారాయన.

వార్డు అధికారి వచ్చి, మూడు గోడలుంటే దాన్ని ఇల్లనడానికి వీల్లేదని, బస్ షెల్టరుగా రాసుకుని వెళ్లాడు. అప్పటినుంచి వానొస్తే ఇద్దరు ముగ్గురు వచ్చి నిలబడేవారు. ఆయన వాళ్లకు టీ ఇచ్చేవారు.

సీరియల్ ఆగిన సంగతి యూసఫ్‌గూడలోని ఆ సందుకు ఎవరూ చెప్పలేదు. షూటింగ్ చూడటానికి అలవాటుపడినవాళ్లు సాయంత్రం ఏడింటికి కుర్చీలు తెచ్చుకుని ఎదురుగా కూర్చుంటూనే ఉన్నారు. భుజంగరావు గారు వంట చేసుకునేవారు. వాళ్లు చూసేవారు. ఎదురింటి యాదమ్మది ముందు వరస.

“సారూ, పోపు మాడుతున్నది, జర సూడు!”

“చూస్తున్నానమ్మా.”

“ఏడ సూస్తున్నవ్? టీవీ దిక్కు సూస్తున్నవ్!”

అందరూ నవ్వేవారు. సీరియల్‌కు అంత నవ్వు ఏనాడూ రాలేదు.

అయితే గోడ లేని చోటునుంచి ఒక్కరూ లోపలికి అడుగుపెట్టేవారు కాదు. యాదమ్మ చింతచిగురు పచ్చడి తెచ్చినా గుమ్మం ముందు చెప్పులు విడిచి, గొళ్లెం చప్పుడు చేసేది. ఎదురుగా ఆమె వస్తుండగా చూసి కూడా ఆయన “ఎవరూ?” అనేవారు.

“నేనే సారూ.”

అప్పుడు లేచి తలుపు తీసేవారు.

కార్తీకంలో ఒక సాయంత్రం చపాతీ పిండి కలుపుతూ ఆయన మెల్లగా పక్కకు ఒరిగారు. వెనక వరసవాళ్లు నవ్వారు. “ఇది రోజూ ఉండేది కాదు,” అంది యాదమ్మ. ఆ ఒక్కసారే ఆమె గుమ్మం సంగతి మరిచి, చెప్పులతోనే సూటిగా లోపలికి పరుగెత్తింది. షుగర్ పడిపోయింది. బెల్లం ముక్క నోట్లో పెడితే లేచి కూర్చున్నారు. మర్నాడు ఆమె గొళ్లెం తట్టి, నిన్న తలుపు తట్టకుండా వచ్చినందుకు ఏమీ అనుకోవద్దంది.

అదే వారం ఆ సందు చివర, నాలుగు గోడలూ ఉన్న ఇంట్లో, ఒంటరిగా ఉండే ఒకాయన పోయిన సంగతి మూడో రోజుకు గాని తెలియలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లకు చిట్టిబాబు లారీతో దిగాడు. కంపెనీ గోడౌన్ ఖాళీ చేస్తోందట. ఆఖరి ఎపిసోడ్ లేకపోయినా గోడ ఇచ్చేస్తారట. యాదమ్మ కుర్చీ మడిచింది.

“ఇగ రేపటి సంది నీ పోపు నువ్వే సూసుకోవాలె సారూ.”

భుజంగరావు గారు లారీలోని గోడను తడిమి చూశారు. వకుళ వీపు ఆని నునుపుదేరిన చోటు అలాగే ఉంది. చాలాసేపు చెయ్యి తియ్యలేదు. తర్వాత, “ఆఖరి ఎపిసోడ్ అవ్వలేదు కదా బాబూ,” అన్నారు.

“అంటే ఏంటండీ?”

“రాసుకున్నాం కదా. అవ్వకుండా ఎలా తీసుకుంటాను? మేకు ఒక్కటి ఇచ్చి వెళ్లు.”

చిట్టిబాబు బుర్ర గోక్కుని మేకు పీకి ఇచ్చాడు. యాదమ్మ కుర్చీ మళ్లీ వేసింది. లారీ మలుపు తిరిగేలోపు ఆ సందులో ఒంటరిగా ఉండే ముగ్గురు పెద్దవాళ్లు దాన్ని ఆపి, మీ తర్వాతి సీరియల్‌కు మా గోడ పనికొస్తుందా అని అడిగారు.

ఇప్పుడు ఆ సందులో చాలా ఇళ్లకు ముందు గోడ లేదు. వార్డు రికార్డుల్లో అవన్నీ బస్ షెల్టర్లే. ఒకరి ఇల్లు చూశాక ఒకరి ఇల్లు చూడాలి గనుక, వంటల వేళలు సర్దుకున్నారు. భుజంగరావు గారు లోపలి గోడకు, వీధికి ఎదురుగా మేకు కొట్టారు. అక్కడినుంచి వకుళకు అందరూ కనిపిస్తారు.

రాత్రి తొమ్మిది కాగానే ఆయన లేస్తారు. అటూ ఇటూ ఏమీ లేకుండా నిలబడ్డ ఆ తలుపు దగ్గరికి వెళ్లి, యాదమ్మకు తలూపి, చప్పుడు కాకుండా మూసి గడియ పెడతారు. తలుపు వేశారు గనుక సందులో ఇక ఎవరూ అటు చూడరు.