తెగని గీతకు గ్యారంటీ

"ఈ గ్యారంటీ నాది కాదు, గణితానిది!" అని మంత్రి పరశురామ్ గారు వేప్పనపల్లి సభలో ప్రకటించగానే చప్పట్లు మోగాయి. గ్యారంటీ మంత్రిగారిది కాదని తెలిసి జనం అంతగా సంతోషించడం నా మైకుసెట్టు సర్వీసులో అదే మొదలు.

సంగతేమిటంటే, తోటల మోటార్లకు కరెంటు ఎప్పుడొస్తుందో దేవుడికి కూడా తెలియదు. అక్కమ్మ తోటలో రెండు వందల మామిడి మొక్కలు నీళ్లు లేక వాడుతున్నాయి. మోటారు షెడ్డులో బల్బు వేలాడదీసి, అది వెలగ్గానే పరుగెత్తడం ఆమె పద్ధతి. ఇకమీదట ఆ శ్రమ లేదు. కరెంటు రాకపోకల గ్రాఫు గీతను, న్యూరాన్లనే చిన్న చిన్న లెక్కల ముక్కలతో అల్లిన న్యూరల్ నెట్‌వర్క్ అనే కంప్యూటరు ప్రోగ్రాము నేర్చుకుని, ముందుగానే ఫోనులో చెబుతుంది.

"ఎట్లాంటి గీతనైనా పట్టేస్తుందని గణితంలో సిద్ధాంతమే ఉందమ్మా. చాలినన్ని న్యూరాన్లుంటే చాలు," అన్నారు మంత్రిగారు.

"చాలినన్నంటే ఎన్నప్పా?" అని అడిగింది అక్కమ్మ.

"అది సిద్ధాంతం చెప్పదు. ఉంటాయని మాత్రం చెబుతుంది."

అచ్చం మన మేనిఫెస్టో! నాకు ఒళ్లు పులకరించింది.

వెయ్యి న్యూరాన్లు పెట్టారు. ఫోను పదింటికన్నది, కరెంటు రెండింటికొచ్చింది. లక్ష పెట్టారు. ఫోను బుధవారమన్నది, కరెంటు మంగళవారమే వచ్చి వెళ్లిపోయింది. అక్కమ్మకు ఎనభై మొక్కలు మిగిలాయి.

హోసూరు ఇంజనీరు మంజుశ్రీని పిలిపించారు. ఆ మీటింగుకూ మైకు నాదే.

"సార్, సిద్ధాంతానికి షరతుంది. గీత యాడా తెగకూడదు. మన కరెంటు టపీమని వస్తాది, టపీమని పోతాది. అట్లా దూకే గీతకు గ్యారంటీ లేదు."

మంత్రిగారు కళ్లు మూసుకున్నారు. మహానుభావుల ఆలోచన పక్కనుంచి చూడడం ఒక భాగ్యం.

"అయితే దూకకుండా చేసేద్దాం."

"ఇరవై నాలుగ్గంటలూ ఇస్తారా సార్?"

"ఇచ్చేదొక్కటే దారా ఏమ్మా?"

మర్నాడే మోటార్లకు కరెంటు పూర్తిగా ఆపేశారు. గీత నున్నగా సున్నా మీద పడుకుంది. ఒక్క న్యూరానే చాలింది. తప్పు సున్నా.

నెల తిరక్కుండానే విజయోత్సవ సభ పెట్టారు. మైకు నా జనరేటరు మీద నడిచింది.

"అక్కమ్మా, కరెంటు ఎప్పుడొస్తుందో ఇప్పుడు కచ్చితంగా తెలిసిపోయిందా?"

"తెలిసిపోయిందప్పా. మొక్కలు గూడా మీ గీత మీదికే వచ్చేసినాయి. ఒగటీ లేదు." కొంగులోంచి బల్బు తీసి ఆయన చేతిలో పెట్టింది. "ఇది ఇంగ నాకెందుకు?"

"రైతుల తరఫున మంత్రిగారికి జ్ఞాపిక!" అని నేను ప్రకటించాను. మంత్రిగారు ఫోటోల కోసం బల్బును పైకెత్తి పట్టుకున్నారు.