ఫోన్లకు పెద్దపీట

కొండల మీద గొర్రెలు మేపేవారికి ఆపద వస్తే అంబులెన్సును పిలిచే యాప్‌ను ఇకపై నిజమైన ఫోన్ల మీదే పరీక్షించాలని బిష్కెక్‌లోని ఒక కంపెనీ ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ ఒక్క గ్రీవం డైరెక్టరు తాలాంత్‌బెక్ గారిది.

కంప్యూటర్లోని ఉత్తుత్తి ఫోను చాలదా అని ఎవరో అడిగారు.

"బొమ్మ గుర్రమెక్కి కోక్‌బోరు ఆడతామా?" అన్నారాయన.

పరదేశంలోని ఫోన్లను ఇంటర్నెట్టులో అద్దెకు తీసుకుందామన్నారు మరొకరు.

"మన గుర్రం నడక పరాయివాళ్ళ దొడ్లో తెలుస్తుందా?"

అందరూ నవ్వారు. నవ్వనివారి వైపు ఆయన చూశారు. వాళ్ళూ నవ్వారు.

నిజమైన ఫోన్లు వచ్చాయి. అన్నీ ఆ ఏడాదివే. గుమ్మానికెదురుగా పెద్దలు కూర్చునే చోట కంబళి పరిచి వాటిని కూర్చోబెట్టారు. కొత్తకోడలి ముఖం చూసినట్టే, ప్రతివారూ కానుక చదివించి మరీ చూశారు. మైల పడతాయని పైపొర తియ్యలేదు.

పరీక్షల బాధ్యత బెగిమాయ్‌ది. ఆమె తండ్రి సగిన్‌బాయ్ వేసవి మేతబీడులో ఒంటరిగా ఉంటాడు. ఆయన ఫోను అద్దం కింది మూల పగిలింది. అక్కడ నొక్కితే పలకదు. యాప్‌లో అంబులెన్సును పిలిచే ఎర్ర మీట సరిగ్గా అక్కడే ఉంది.

"బైకే," అని డైరెక్టరు గారిని అన్న వరసలో పిలిచిందామె. "మా నాన్న ఫోను మీద కూడా చూద్దాం. మీట కాస్త పైకి జరిపితే చాలు."

"చెల్లెమ్మా, తీర్మానంలో ఉన్నది నిజమైన ఫోను. మీ నాన్నది పగిలిన ఫోను."

అయినా ప్రజాభిప్రాయం అవసరం కనుక బృందం మేతబీడుకు వెళ్ళింది. గొర్రెను కోశారు. పులిసిన గుర్రప్పాలు పోశారు. కాపరులు తలా ఒకసారి తమ ఫోన్లలో మీట నొక్కారు. చివర సగిన్‌బాయ్ అరచేతులు చాచి, "మీ పని పచ్చగా ఉండాలి, ఓమిన్" అని దీవించి ముఖం తుడుచుకున్నాడు. నివేదికలో "లోపాలు లేవు" అని చేరింది.

బెగిమాయ్ తండ్రిని పక్కకు లాగింది. "పనిచేసిందా నాన్నా?"

"ఎక్కడిదే! గోకి గోకి గోరరిగింది."

"మరి దీవించావేంటి?"

"ఇంటికొచ్చినవాళ్ళ ముఖం మీద బాలేదంటామటే?"

ప్రారంభోత్సవం ఆ బీడులోనే జరిగింది. డైరెక్టరు గారు చేతిలో ఫోనుతో గుర్రమెక్కి ప్రసంగించారు. "నేటితో కాపరికి ఒంటరితనం లేదు!" అన్నారు. చప్పట్లకు గుర్రం బెదిరింది. ఆయన కాలు విరిగింది. ఫోను అద్దం పగిలింది, కింది మూలన. ఆయన నొక్కారు. మళ్ళీ నొక్కారు.

"బెగిమాయ్! ఇది పలకదేంటమ్మా?"

"అది నిజమైన ఫోను కాదు బైకే. పగిలిన ఫోను."

సగిన్‌బాయ్ అదే గుర్రమెక్కి, కొండ దిగి, వైద్యుడిని తెచ్చాడు.

వారం తిరక్కుండా ఉత్తర్వు వెలువడింది: కాపరులు ఫోను అద్దాన్ని కింది మూలన పగలగొట్టుకోరాదు, పై మూలన అభ్యంతరం లేదు. సగిన్‌బాయ్ దానికీ ఓమిన్ అన్నాడు.

యాప్‌కు ఐదు నక్షత్రాలు వచ్చాయి. మన ఫోన్లలోనూ అలాంటి మీట ఒకటుంది. అది పనిచేస్తుందని మనకు గట్టి నమ్మకం. ఎన్నడూ నొక్కలేదు కదా.